పైప్‌లైన్ గ్రీన్, సర్వర్‌లో పాత కోడ్: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

"అన్నా, పైప్‌లైన్ మొత్తం గ్రీన్ వచ్చింది, కానీ స్టేజింగ్‌లో పాత స్క్రీనే కనిపిస్తోంది." బెంగళూరు ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగు పిల్లల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే, అదీ శుక్రవారం సాయంత్రం, మారతహళ్ళిలో ఊరి బస్సు ఎక్కాల్సిన వేళకి. పైప్‌లైన్ అంటే కోడ్‌ని బిల్డ్ చేసి, టెస్ట్ చేసి, సర్వర్‌కి పంపే ఆటోమేటిక్ వరుస; స్టేజింగ్ అంటే ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే సర్వర్. టెన్షన్‌లో బ్రౌజర్ క్యాషే క్లియర్ చేస్తారు, ఇంకోసారి రన్ కొడతారు, పైప్‌లైన్ సెట్టింగ్స్ ఉండే యామల్ ఫైల్లో చేతికందిన లైనేదో మారుస్తారు. ఒక్కటి మాత్రం చూడరు: సర్వర్ మీద ఇప్పుడు నడుస్తున్నది ఏ కమిట్ (గిట్‌లో సేవ్ చేసిన ఏ మార్పు)? అది తెలియకుండా ఏం మార్చినా గుడ్డిగా మార్చడమే. పైప్‌లైన్ నడిపేది గిట్‌హబ్ యాక్షన్స్ అయినా, గిట్‌ల్యాబ్ అయినా, జెంకిన్స్ అయినా ఇందులో తేడా లేదు. వర్క్‌ఫ్లో ఫైల్ రాయడం, డాకర్ ఇమేజ్ బిల్డ్ చేసి రిజిస్ట్రీకి పుష్ చేయడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

మొదట రన్ పేజీలో కమిట్ చూడండి

రన్ పేజీలో కమిట్ హ్యాష్ (ఆ కమిట్ గుర్తింపు కోడ్) కనిపిస్తుంది, మొదటి ఏడు అక్షరాలు చాలు. మీరు డిప్లాయ్ అయిందనుకుంటున్న కమిట్ హ్యాష్‌తో పోల్చండి. రెండూ వేరైతే, సర్వర్ల మీద కంటైనర్లని నడిపే క్యూబర్నెటీస్ జోలికే వెళ్ళక్కర్లేదు. పైప్‌లైన్ మెయిన్ బ్రాంచ్ కోసం చూస్తుంటే మీరు డెవలప్‌లో మెర్జ్ చేసి ఉంటారు. లేదంటే కొత్త కమిట్ పుష్ చేశాక, అలవాటు కొద్దీ పాత రన్‌లోకి వెళ్ళి రీ-రన్ నొక్కి ఉంటారు. గిట్‌హబ్‌లో రీ-రన్ అంటే ఆ పాత కమిట్‌నే మళ్ళీ బిల్డ్ చేయడం, మీరు తర్వాత పుష్ చేసింది అందులోకి రాదు. కొత్త కమిట్‌కి కొత్త రన్ ఉంటుంది, దాన్ని చూడాలి. ఆ కొత్త రన్ అసలు మొదలే కాలేదా? ఆ కమిట్ పుష్ చేసింది మీరు కాక ఇంకో వర్క్‌ఫ్లో అయితే, అదీ డిఫాల్ట్‌గా వచ్చే గిట్‌హబ్ టోకెన్‌తో అయితే, దానికి రన్ మొదలవ్వదు. వర్క్‌ఫ్లోలు ఒకదాన్నొకటి ఆగకుండా పిలుచుకోకూడదని గిట్‌హబ్ కావాలనే అలా పెట్టింది. గిట్‌హబ్ యాప్ టోకెన్‌తో పుష్ చేయిస్తే సరిపోతుంది.

కమిట్ సరిపోయింది, అయినా పాత కోడే

ఎక్కువ మంది సాయంత్రాలు పోయేది ఇక్కడే, ఎందుకంటే ఏ లాగ్‌లోనూ ఎర్ర గీత ఉండదు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రతి బిల్డ్‌కీ అదే ట్యాగ్ (ఇమేజ్ పేరు పక్కన రాసే వెర్షన్ పేరు) వాడటం. ఏం నడపాలో క్యూబర్నెటీస్‌కి చెప్పే ఫైల్, అంటే మ్యానిఫెస్ట్‌లో ఇమేజ్ పేరు పక్కన "స్టేజింగ్" అని రాసి ఉంటుంది. ప్రతి బిల్డూ కొత్త ఇమేజ్‌ని అదే ట్యాగ్‌తో రిజిస్ట్రీకి పంపుతుంది. తర్వాత డిప్లాయ్ స్టెప్‌లో, ఆ మ్యానిఫెస్ట్‌ని క్యూబర్నెటీస్‌కి పంపే క్యూబ్‌సీటీఎల్ అప్లై నడుస్తుంది. క్యూబర్నెటీస్ మీరిచ్చిన పాడ్ (మీ కంటైనర్ నడిచే యూనిట్) టెంప్లేట్‌ని తన దగ్గరున్నదానితో పోలుస్తుంది, అంతే. నిన్నా "స్టేజింగ్", ఇవాళా "స్టేజింగ్". మార్పేమీ లేదు కాబట్టి కొత్త పాడ్ పుట్టదు. లాగ్‌లో "అన్‌ఛేంజ్‌డ్" అని ఒక్క మాట పడుతుంది, దాన్ని ఎవరూ చదవరు. ఆ వెంటనే కొత్త వెర్షన్ ఎక్కిందా అని రోల్‌అవుట్ స్టేటస్ అడుగుతాం. పాత పాడ్లు ఎప్పటి నుంచో బాగానే నడుస్తున్నాయి కదా, సక్సెస్‌ఫుల్ అని క్షణంలో జవాబు వస్తుంది. పైప్‌లైన్ గ్రీన్. అప్లై లైన్‌లో "కాన్ఫిగర్డ్" అని వచ్చిందా, "అన్‌ఛేంజ్‌డ్" అని వచ్చిందా అన్నది ప్రతిసారీ చూసే అలవాటు చేసుకోండి, ఐదు సెకన్ల పని.

ఈ దశలో ఎవరో ఒకరు రోల్‌అవుట్ రీస్టార్ట్ పెట్టమని సలహా ఇస్తారు. పాడ్లు కొత్తగా లేస్తాయి, సమస్య తీరినట్టే కనిపిస్తుంది, నిజానికి అక్కడి నుంచి ఇంకా ముదురుతుంది. ఇమేజ్‌ని రిజిస్ట్రీ నుంచి ఎప్పుడు తెచ్చుకోవాలో చెప్పే ఇమేజ్ పుల్ పాలసీని మనం రాయకపోతే క్యూబర్నెటీస్ తనే ఒకటి పెడుతుంది: ట్యాగ్ "లేటెస్ట్" అయినా, ట్యాగే లేకపోయినా "ఆల్వేస్", వేరే ట్యాగ్ ఏదైనా ఉంటే "ఇఫ్ నాట్ ప్రెజెంట్". అంటే పాడ్ నడిచే నోడ్ (మెషీన్) మీద "స్టేజింగ్" పేరుతో పాత ఇమేజ్ ఉంటే రిజిస్ట్రీని అడగకుండా దాన్నే లేపుతుంది. అదే పాడ్ కొత్త నోడ్ మీద పడితే అక్కడ ఇమేజ్ లేదు కాబట్టి కొత్తది తెచ్చుకుంటుంది. ఇప్పుడు రెండు పాడ్లలో పాత కోడు, ఒకదాంట్లో కొత్త కోడు. పేజీ రిఫ్రెష్ చేసినప్పుడల్లా ఒకసారి పాత బటన్, ఒకసారి కొత్త బటన్. టెస్టర్ "నాకు వస్తోంది" అంటాడు, మేనేజర్ "నాకు రావట్లేదు" అంటాడు, ఇద్దరూ చెప్పేది నిజమే. తప్పు సీడీఎన్ (పేజీల కాపీలు దాచి ఇచ్చే సర్వర్లు) మీదకి, బ్రౌజర్ మీదకి, చివరికి కోడ్ రాసిన జూనియర్ మీదకి వెళ్తుంది. దయచేసి ఆ పిల్లాణ్ణి రాత్రి దాకా కూర్చోబెట్టకండి. ప్రతి పాడ్‌నూ డిస్క్రైబ్ చేసి ఇమేజ్ ఐడీ దగ్గరున్న డైజెస్ట్ (ఆ ఇమేజ్‌కి మాత్రమే ఉండే గుర్తు) చూడండి, పుష్ లాగ్ చివర్లో వచ్చిన డైజెస్ట్‌తో పోల్చండి. ఏ పాడ్ ఏ ఇమేజ్ మీద ఉందో అక్కడే తేలిపోతుంది.

"సరే, లేటెస్ట్ పెట్టేస్తాం" అనేవాళ్ళకి రెండు విషయాలు. ఒకటి, పుల్ పాలసీ ఆ డిప్లాయ్‌మెంట్ మొదటిసారి క్రియేట్ అయినప్పుడే ఖరారవుతుంది, తర్వాత ట్యాగ్‌ని లేటెస్ట్‌గా మార్చినా పాలసీ తనంతట తాను మారదు. రెండు, రాత్రి ప్రొడక్షన్ పడిపోయి రోల్‌అవుట్ అన్‌డూ కొడితే వెనక్కి వెళ్ళేది ఎక్కడికి? పాత రివిజన్‌లోనూ లేటెస్ట్ అనే ఉంది, కాబట్టి మళ్ళీ ఆ పాడైన ఇమేజే వస్తుంది.

చేయాల్సింది ఇది. ఇమేజ్ ట్యాగ్‌గా కమిట్ హ్యాష్ పెట్టండి. గిట్‌హబ్‌లో, గిట్‌ల్యాబ్‌లో, జెంకిన్స్‌లో అది రెడీమేడ్ వేరియబుల్‌గా దొరుకుతుంది. డిప్లాయ్ స్టెప్‌లో సెట్ ఇమేజ్‌తోనో, కస్టమైజ్‌తోనో, హెల్మ్ వేల్యూతోనో ఆ హ్యాష్‌ని మ్యానిఫెస్ట్‌లోకి పంపండి. టెంప్లేట్ నిజంగా మారుతుంది, కొత్త పాడ్లు పుడతాయి, రోల్‌అవుట్ స్టేటస్ కొత్త పాడ్ల కోసం ఎదురుచూస్తుంది, అన్‌డూ కూడా పాత ఇమేజ్‌కే వెళ్తుంది. రిజిస్ట్రీలో ఒకే ట్యాగ్‌ని మళ్ళీ రాయనివ్వని సెట్టింగ్ ఉంటే అదీ ఆన్ చేయండి, అమెజాన్ ఈసీఆర్‌లో ఉంది.

ఇంకొక్క అడుగు వేయండి. బిల్డ్ ఆర్గ్యుమెంట్‌గా కమిట్ హ్యాష్‌ని ఇమేజ్‌లోకి పంపి, యాప్‌లో "వెర్షన్" అనే చిన్న ఎండ్‌పాయింట్ (యూఆర్‌ఎల్) పెట్టి దాన్ని చూపించండి. డిప్లాయ్ అయ్యాక పైప్‌లైనే దాన్ని అడిగి, హ్యాష్ సరిపోకపోతే ఒకటి రెండు నిమిషాలు మళ్ళీ మళ్ళీ అడిగి, అప్పటికీ సరిపోకపోతే ఫెయిల్ అవ్వాలి. ఆ ఆర్గ్యుమెంట్‌ని డాకర్‌ఫైల్ చివర్లో పెట్టండి, పైన పెడితే ప్రతి కమిట్‌కీ దాని కిందున్న రన్ స్టెప్‌లన్నీ క్యాషే లేకుండా మళ్ళీ నడుస్తాయి.

క్యూబర్నెటీస్ లేకుండా ఒకే మెషీన్ మీద డాకర్ కంపోజ్‌తో నడిపే చిన్న టీమ్‌లకీ ఇదే జబ్బు. మామూలుగా కంపోజ్ అప్ కొడితే, అదే ట్యాగ్‌తో ఇమేజ్ లోకల్‌గా ఉన్నప్పుడు కొత్తది తేదు. ముందు కంపోజ్ పుల్, తర్వాత అప్. ట్యాగ్‌గా కమిట్ హ్యాష్ అక్కడా పెట్టండి.

టెస్ట్ ఫెయిల్ అయినా గ్రీన్

టెస్ట్ కమాండ్ అవుట్‌పుట్‌ని పైప్ పెట్టి టీ కమాండ్‌తో లాగ్ ఫైల్‌కి పంపుతున్నారేమో చూడండి. పైప్‌లో చివరి కమాండ్ పాసైతే చాలు, షెల్‌కి మొత్తం పాసైనట్టే. పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అని చెప్పే పైప్‌ఫెయిల్ ఆన్ చేయాలి. గిట్‌హబ్‌లో లినక్స్ రన్నర్ (పైప్‌లైన్ నడిచే మెషీన్) మీద షెల్ పేరు రాయకపోతే పైప్‌ఫెయిల్ ఉండదు, షెల్ బ్యాష్ అని స్పష్టంగా రాస్తే ఉంటుంది. ఒక్క లైన్ తేడా.

మిగతావి

ల్యాప్‌టాప్‌లో బిల్డ్ అయి రన్నర్‌లో "మాడ్యూల్ దొరకలేదు" అంటే, చాలాసార్లు ఫైల్ పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా. విండోస్, మ్యాక్ మామూలుగా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది.

గిట్‌ల్యాబ్‌లో సీక్రెట్ ఖాళీగా వస్తే చాలాసార్లు అది ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌లకే అందే ప్రొటెక్టెడ్ వేరియబుల్, మీ బ్రాంచ్ ప్రొటెక్టెడ్ కాదు.

రాత్రి 2 గంటలకు పెట్టిన గిట్‌హబ్ షెడ్యూల్ ఉదయం ఏడున్నరకి నడుస్తోందంటే, క్రాన్ (షెడ్యూల్ టైమ్ రాసే లైన్) మన టైమ్‌లో కాక యూటీసీలో ఉంది. మన టైమ్ నుంచి ఐదున్నర గంటలు తీసేసి, రాత్రి 8:30 అని రాయండి.

రన్నర్‌లో డిస్క్ నిండిపోవడం, రిజిస్ట్రీ డౌన్ కావడం, డీఎన్‌ఎస్ గొడవలు కూడా ఉంటాయి, కానీ అవి లాగ్‌లో ఎర్రగానే కనిపిస్తాయి. గ్రీన్ వచ్చిన రన్‌లో వాటి కోసం వెతకక్కర్లేదు.