పాత హీబ్రూ శాసనాలు చదువుదాం – 5వ పాఠం: సిలోయము సొరంగంలో ఐదు మాటలు

కిందటి పాఠంలో 22 అక్షరాలనూ కాగితం మీద దిద్దాం. ఇక రాతి మీదికి పోదాం. యెరూషలేములో 1880లో బయటపడిన సిలోయము శాసనం ఆరు వరుసలే. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. రెండు కొసల నుంచీ సొరంగం తవ్వుకుంటూ వచ్చిన మనుషులు మధ్యలో ఎలా కలిశారో అందులో చెక్కారు. మనకు కావలసింది రెండో వరుస చివర, మూడో వరుస మొదలు.

శాసనం ఫొటో, ట్రేసింగ్ కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఫొటో ఎంపికలోనే సగం పని ఉంది. వెలుగు ఎదురుగా పడితే గాట్లలో నీడ ఉండదు, అక్షరం కనబడదు. పక్క నుంచి ఏటవాలుగా పడ్డ ఫొటో తీసుకోండి. అందులోనూ వెలుగు వచ్చే దిక్కునే సాగిన గీతలు మాయమవుతాయి కాబట్టి, వేర్వేరు వైపుల వెలుగుతో తీసినవి రెండు ఉంటే మేలు.

కుడి నుంచి ఎడమకు దిద్దుతూ పోండి. ఐన్ గుండ్రటి సున్నా, షిన్ ఇంగ్లీషు డబ్ల్యూ లాంటిది, లామెద్ కింద వంపు తిరిగిన కొక్కెం. మన పద్ధతిలో ఎడమ నుంచి రాస్తే వచ్చేది ఇది:

కోఫ్ లామెద్ • ఆలెఫ్ షిన్ • కోఫ్
రేష్ ఆలెఫ్ • ఆలెఫ్ లామెద్ • రేష్ ఐన్ వావ్

మాటకూ మాటకూ మధ్య చెక్కినవాడు చుక్క పెట్టాడు. వరుస చివరి కోఫ్ తర్వాత మాత్రం చుక్క లేదు, అంటే మాట ఇంకా అవలేదు. చోటు చాలక కోఫ్ పైన, రేష్ ఆలెఫ్ కింద పడ్డాయి. ఈ రేష్‌ను చదరపు బ్రాకెట్లో వేసిన ప్రతి మీ చేతికొస్తే, అక్కడ రాయి దెబ్బతిందని, ఆ అక్షరం సంపాదకుడు పూరించిందని అర్థం.

తెలుగు చదివే కంటికి అసలు చిక్కు ఇక్కడే. మన 'క'లో 'అ' దాగి ఉంటుంది, వాళ్ళ కోఫ్‌లో ఏమీ లేదు. ప్రతి అక్షరానికీ పొల్లు పెట్టుకుని, అచ్చులు మీరే వేయాలి: కోల్, ఈష్, కోరే, ఎల్, రేఓ.

అచ్చులు తప్పు పడితే ఏమవుతుందో చూడండి. నేటి నిఘంటువులో 'కోల్' మధ్య వావ్, 'ఈష్' మధ్య యోద్ ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు. ఉన్నదున్నట్టు వెతికితే ఆలెఫ్-షిన్‌కు 'ఏష్', అంటే నిప్పు దొరుకుతుంది. ఆలెఫ్-లామెద్‌కు 'ఏల్', అంటే దేవుడు. తవ్వకం కూలీల మాట కాస్తా బైబిల్లో దేవుడు మోషేతో మాట్లాడిన మండే పొద కథ అయిపోతుంది! రెండో వరుసలోనే కాస్త ముందు ఆలెఫ్-షిన్, ఆలెఫ్-లామెద్, రేష్-ఐన్-వావ్ మూడూ వరసగా మరోసారి వస్తాయి, 'ఒక్కొక్కరూ తన తోటివాడి వైపు' అనే అర్థంలో. రెండు చోట్లా అతికే అర్థమే నిలబడుతుంది: 'తన తోటివాణ్ణి పిలిచే మనిషి గొంతు'.

ఇలా నడిమి వావ్, యోద్ వదిలేయడం పాతకాలపు అలవాటు. మృత సముద్రం దగ్గర దొరికిన పెద్ద యెషయా చుట్టలో (బైబిలులోని యెషయా గ్రంథపు పాత ప్రతి) దానికి విరుద్ధంగా వాటిని ధారాళంగా వాడారు. కాలం అంచనా వేసేటప్పుడు అక్షరాల రూపంతో పాటు ఇదీ చూస్తారు.

అభ్యాసం: రెండో వరుసలో ఆలెఫ్-మేమ్-తావ్, ఐదో వరుసలో ఆలెఫ్-మేమ్-హే వెతకండి. రెండూ 'మూర' అనే మాటే, ఏది బహువచనం? ఐదో వరుస చివర విరిగిన మాట ఏది? సొరంగం 1200 మూరలని శాసనం లెక్క, నేటి కొలత సుమారు 533 మీటర్లు. మూర ఎన్ని సెంటీమీటర్లో కట్టి ఉంచండి, 6వ పాఠంలో కావాలి.