బస్సు టైముకు కట్టుకున్న దినచర్య

మాది దేవరకొండ దిక్కు ఊరు, డిగ్రీ నల్లగొండల. వీడియోల్ల చెప్పే "పొద్దుగాల నాలుగింటికి లేచి ధ్యానం, పరుగు, డైరీ" హాస్టల్ పిల్లలకైతే నడుస్తదేమో. పొద్దున్నే బస్సు పట్టాల్సినోళ్లకు నడవదు. అందుకే గడియారం ఇడిచిపెట్టి, రోజూ ఎట్లైనా జరిగే పనులకే కొత్త అలవాట్లు ముడేసిన.

బస్సుల సీటు దొరకంగనే నోట్సు మూసిపెట్టి, నిన్నటి పాఠం మనసుల చెప్పుకుంట. యాదికి రానిదే తెరిచి చూస్త. మూడు రోజులకోసారి, వారానికోసారి మళ్లీ అదే పాఠం. నేర్చుకున్నదాంట్ల ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతదని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలతోని తన మీదనే ప్రయోగం చేసుకొని 1885లనే రాసిండు. సీటు దొరకకపోతే ఇంగ్లీషు వార్తలు వింట, అంతే.

సాయంత్రం పొమొడోరో పద్ధతి: 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం. ఫోన్ అమ్మ దగ్గర. తన సీరియల్ అయిపోయేదాక అడిగినా ఇయ్యదు, అది ఇంకా మంచిదైంది!

వ్యాయామం మాత్రం ఇంకా సరిగ కుదుర్తలేదు. ఇప్పటికైతే బస్టాండు నుంచి కాలేజీకి ఆటో ఎక్కకుండ నడుస్తున్న. మే నెల ఎండలల్ల ఎట్లనో చూడాలె.