పాత సెడాన్‌కి బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు: ముందు కొలవండి, తర్వాత కొనండి

పదేళ్లు దాటిన డిజైర్‌నో, సిటీనో, వెర్నానో, ఎటియోస్‌నో బ్రేకుల కోసం షాపుకి తీసుకెళ్తే సాధారణంగా వినిపించే మాటలు రెండు. "ప్యాడ్లు మార్చేస్తే చాలు సార్, డిస్కులు బాగానే ఉన్నాయి" అని ఒకరు, "రెండూ మార్చాల్సిందే" అని ఇంకొకరు. ఇద్దరూ కంటితో చూసే చెబుతుంటారు. డిస్కు అరుగుదల ఒకటి రెండు మిల్లీమీటర్లలో తేలిపోయే వ్యవహారం, అది కంటికి ఆనదు. అందుకే ఏ కంపెనీ ప్యాడ్లు కొనాలన్న ప్రశ్న తర్వాత. ముందు చక్రం విప్పి కొలవాలి.

ఈ కార్లలో ఎక్కువ వాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉంటాయి. ఇక్కడ చెప్పేది ముందు బ్రేకుల గురించి.

కొలత

ప్యాడ్‌లో లెక్కలోకి వచ్చేది ఇనుప ప్లేటు కాదు, దాని మీద అంటించిన మెటీరియల్ మాత్రమే. కొత్త ప్యాడ్‌కి అది సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే కొత్తవి కొనేయండి. 2 కంటే తగ్గితే ఆ బండిని ఊరు దాటించొద్దు. అల్లాయ్ వీల్ సందులోంచి కనిపించేది బయటి ప్యాడ్. ముందుగా అరిగేది చాలాసార్లు పిస్టన్ (బ్రేక్ తొక్కితే ప్యాడ్‌ని డిస్కు మీదకి నెట్టేది) వైపు ఉండే లోపలి ప్యాడ్, అది బయటికి కనిపించదు. చక్రం విప్పకుండా "ఇంకా సగం ఉంది" అన్న మాటని నమ్మకూడదనడానికి కారణం ఇదే.

డిస్కు మీద, ఎక్కువగా మధ్యలో టోపీలా ఉబ్బిన భాగంలోనో అంచునో, కనీస మందం ఎంత ఉండాలో అచ్చు వేసి ఉంటుంది. తుప్పు పడితే వైర్ బ్రష్‌తో రుద్దితే అంకె బయటపడుతుంది. ఉదాహరణకి కొత్తప్పుడు 22 మిల్లీమీటర్లున్న డిస్కుకి 20 అని రాసి ఉండొచ్చు. అంటే దాని ఆయుష్షంతా రెండు వైపులా కలిపి 2 మిల్లీమీటర్లే.

మైక్రోమీటర్‌తో, అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపలికి, డిస్కు చుట్టూ ఆరు నుంచి ఎనిమిది చోట్ల కొలవండి. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. వెర్నియర్ మాత్రమే ఉంటే ఒక చిక్కుంది. ప్యాడ్ తగలని బయటి అంచు అరగదు కాబట్టి అక్కడ తుప్పుతో ఒక గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద కూర్చుని, డిస్కు ఉన్నదానికంటే మందంగా ఉన్నట్టు చూపిస్తాయి. ఒకేలాంటి రెండు నాణేలు తీసుకుని, వాటి మందం ముందుగా వెర్నియర్‌తోనే చూసుకోండి. డిస్కుకి అటొకటి ఇటొకటి ఆనించి మొత్తం కొలిచి, నాణేల మందం తీసేస్తే అసలు అంకె వస్తుంది.

కనీస మందం దాటి అరిగిన డిస్కు బాగా తిరుగుతున్నట్టే ఉంటుంది, రోజువారీ బ్రేక్ కూడా పడుతుంది. తేడా ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. ఇనుము తక్కువైతే వేడిని ఇముడ్చుకునే శక్తి తగ్గి, ఆ వేడి ప్యాడ్లకి, అక్కణ్ణుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. తిరుమల నుంచి దిగేటప్పుడో, అరకు ఘాట్‌లోనో పెడల్ మెత్తబడితే వెనకున్న కారణాల్లో ఇదొకటి కావచ్చు. పైగా పిస్టన్ ఉండాల్సినదానికంటే బయటికి రావాల్సి వస్తుంది.

కనీస మందం కంటే అర మిల్లీమీటరు కూడా మిగలకపోతే ప్యాడ్లతో పాటే డిస్కులూ మార్చేయడం మేలు. కొత్త ప్యాడ్లు సగం అరిగేలోపే డిస్కు హద్దు దాటుతుంది, అప్పుడు రెండోసారి మజూరీ, మళ్లీ కొత్త ప్యాడ్లు. గోరు ఆడిస్తే తగిలీ తగలనట్టుండే సన్నని గీతలకి భయం లేదు. గోరు దిగబడి ఆగిపోయే గాడులు, అంచు దాకా పాకిన పగుళ్లు, నీలి మచ్చలు కనిపిస్తే మాత్రం మార్చాల్సిందే.

కొందరు లేత్ పట్టిస్తామంటారు, అంటే డిస్కు ముఖాన్ని మెషీన్ మీద చెక్కి చదును చేయడం. పట్టించాక కూడా కనీస మందం పైనే ఉంటేనే దానికి అర్థం. పాత బండికి ఆ వెసులుబాటు అరుదు, మిగిలిన కాస్త ఇనుమూ చెక్కించి పారేయడమే అవుతుంది. ఈ కార్లకి కొత్త డిస్కులు సులువుగా దొరుకుతాయి కాబట్టి మేం లేత్ వైపు మొగ్గం.

పాత ప్యాడ్లని పారేయకముందు

విప్పిన నాలుగు ప్యాడ్లనీ వాటి స్థానాల ప్రకారం నేల మీద పేర్చండి. లోపలిది బాగా అరిగి, బయటిది నిలిచి ఉంటే కాలిపర్ (ప్యాడ్లని పట్టి డిస్కుకి అదిమే భాగం) జారే పిన్నులు బిగుసుకున్నాయనో, పిస్టన్ వెనక్కి వెళ్లడం లేదనో అర్థం. ఒకే ప్యాడ్ ఒక కొస మందంగా, ఇంకో కొస పల్చగా ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసింది. కుడి చక్రం ప్యాడ్లు అరిగి ఎడమవి కొత్తగా ఉంటే కాలిపర్‌నీ, దానికి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్‌నీ అనుమానించాలి. లోపల ఉబ్బిన హోస్ ఒత్తిడిని పంపుతుంది గానీ వెనక్కి వదలదు. రెండు ముందు చక్రాలూ తొందరగా అరుగుతుంటే వెనక డ్రమ్ముల సర్దుబాటు చూడండి, వెనక పట్టకపోతే భారమంతా ముందుకే వస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నుల తుప్పు మరీ ఎక్కువ. ఈ కారణం సరిచేయకుండా ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా మళ్లీ అలాగే అరుగుతుంది.

ఏ ప్యాడ్ కొనాలి

షాపులో "హోండా సిటీ ప్యాడ్లు" అని అడగడం చాలదు. మన దగ్గర 2003లో వచ్చిన సిటీ వేరు, 2008ది వేరు, 2014ది వేరు. ఒకే మోడల్‌లో పెట్రోలుకీ డీజిలుకీ డిస్కు సైజు మారే బండ్లున్నాయి. ఆర్‌సీ మీదున్న చాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం రాసుకుని వెళ్లండి. వీలైతే విప్పిన ప్యాడ్‌ని కూడా పట్టుకెళ్లి కొత్తదాని మీద పెట్టి చూడండి: ప్లేటు ఆకారం, చెవులు, శబ్దం చేసే రేకు ఏ వైపుంది. ఆ చిన్న రేకు ప్యాడ్ అరిగాక డిస్కుకి తగిలి కీచుమని హెచ్చరిస్తుంది. అది లేని చవక ప్యాడ్ వద్దు.

సిరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, చక్రాల మీద నల్లపొడి తక్కువ, ధర ఎక్కువ. సెమీ మెటాలిక్ వేడిని బాగా ఓర్చుకుంటుంది, కానీ శబ్దమూ పొడీ ఎక్కువ, డిస్కునీ కాస్త త్వరగా తింటుంది. ఊళ్లో తిరుగుతూ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఘాట్ ఎక్కే కుటుంబానికి బండి తయారీదారు వేసిన రకమే సరైనది. రేస్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, పొద్దున్నే బడికి పిల్లల్ని దింపే బండికి అవి పనికిరావు. చిల్లులున్న డిస్కులూ అంతే. చూపుకి బాగుంటాయి, చిల్లుల చుట్టూ పగుళ్లు మొదలవుతాయి.

కొన్ని ప్యాడ్ల పక్క అంచున ముద్రించిన కోడ్ చివర రెండు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. అంకెల్లో (ఘర్షణ గుణకం, ఎక్కువైతే పట్టు ఎక్కువ) 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. 'ఎఫ్ ఎఫ్' ఉంటే కుటుంబ కారుకి నిశ్చింత. మొదటి అక్షరం కంటే రెండోది తక్కువైతే వేడెక్కాక పట్టు సడలుతుందని గుర్తు. వృత్తంలో 'ఈ' గుర్తుతో (ఇది ఆమోద ముద్ర, పైన చెప్పిన పట్టు అక్షరం కాదు) పాటు ఆర్90 అని ఉంటే, అసలు ప్యాడ్ పనితీరుకి 15 శాతం అటూ ఇటూలో ఉందని పరీక్షలో తేలిన ప్యాడ్ అది.

మారుతి జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్‌కి మోబిస్, లేదా రానే, బాష్, అలైడ్ నిప్పాన్, బ్రెంబో లాంటి పేరున్నవి ఏవైనా తీసుకోవచ్చు. వీటి మధ్య తేడా కంటే అసలుకీ నకిలీకీ మధ్య తేడా చాలా పెద్దది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొన్నా బిల్లు అడగండి. డబ్బా మీది పార్ట్ నంబరూ ప్యాడ్ ప్లేటు మీది నంబరూ సరిపోవాలి, బ్యాచ్ నంబరు ఉండాలి, ఎమ్మార్పీ స్టిక్కర్ ఉండాలి. ప్యాడ్లు నాలుగింటి సెట్టుగా, డిస్కులు జతగానే కొనాలి. ఒక చక్రానికే వేస్తే బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

డబ్బాలో స్టీలు క్లిప్పులు, షిమ్‌లు (ప్యాడ్ వెనక పెట్టే పల్చని రేకులు) లేకపోతే విడిగా కొనండి. పిన్నులకి సిలికాన్ బ్రేక్ గ్రీజు ఒక చిన్న ట్యూబు, ఒక డబ్బా బ్రేక్ క్లీనర్, అర లీటరు డాట్ 3 లేదా డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కూడా. ఏ డాట్ అన్నది బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా (రిజర్వాయర్) మూత మీద రాసి ఉంటుంది. మామూలు వీల్ గ్రీజు పిన్నుల రబ్బరుని ఉబ్బిస్తుంది, దాన్ని దగ్గరికి రానివ్వకండి.

బిగించేటప్పుడు

బండిని జాకీ మీద మాత్రమే వదలకండి, స్టాండు పెట్టండి. కాలిపర్‌ని హోస్‌కి వేలాడదీయకుండా తీగతో కట్టండి. పిస్టన్‌ని వెనక్కి నొక్కే ముందు రిజర్వాయర్ మూత తీసి, ఆయిల్ అంచు దాకా ఉంటే కొంత తోడేయండి. అది పెయింటు మీద పడితే తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. పాత పొడిని కంప్రెసర్ గాలితో ఊదకండి, చవక ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. క్లీనర్‌తో తడిపి తుడవండి.

అన్నిటికంటే ఎక్కువగా వదిలేసే పని హబ్ (డిస్కునీ చక్రాన్నీ బిగించే భాగం) శుభ్రం చేయడం. డిస్కు కూర్చునే చోట తుప్పు పొక్కు ఒక్కటున్నా డిస్కు వంకరగా బిగుస్తుంది. కొత్తలో ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత డిస్కు మందం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అయి, బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. అప్పుడు "డిస్కు బెండైంది" అని మళ్లీ కొత్తది అమ్ముతారు. వైర్ బ్రష్‌తో, ఎమరీ పేపరుతో హబ్‌ని మెరిసేదాకా రుద్దండి. డయల్ గేజ్ (తిరిగే డిస్కు ఎంత ఊగుతోందో కొలిచే పరికరం) ఉంటే డిస్కు ఊగుడు చాలా కార్లలో 0.1 మిల్లీమీటరు లోపు, వీలైతే 0.05 లోపు ఉండాలి. ఎక్కువ వస్తే డిస్కుని ఒక స్టడ్ (వీల్ నట్ బిగించే బోల్టు) మేర తిప్పి బిగించి మళ్లీ చూడండి.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా రాసిన నూనెని క్లీనర్‌తో పూర్తిగా తీసేయాలి. వీల్ నట్లని అడ్డంగా ఎదురెదురు క్రమంలో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించాలి. చాలా సెడాన్లకి అది 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి గన్‌తో ఒకే ఊపున బిగించినా డిస్కు ఊగుతుంది.

బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా మెల్లగా తొక్కండి. ఇది మరిచిపోతే మొదటి తొక్కుడు నేల దాకా వెళ్తుంది, ఎదురుగా గోడ ఉంటే అంతే. తర్వాత ఖాళీ రోడ్డులో 60 నుంచి 20 కిలోమీటర్ల వేగానికి ఎనిమిది పదిసార్లు, మధ్యలో అర నిమిషం గ్యాప్ ఇస్తూ, పూర్తిగా ఆపకుండా తగ్గించండి. ఆ వెంటనే సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ మెటీరియల్ ఒకే చోట అతుక్కుంటుంది, కాబట్టి ముందుగా కాసేపు నడిపి చల్లార్చండి. మొదటి 300 కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టిగా తొక్కొద్దు.

బ్రేక్ ఆయిల్ రెండేళ్లు దాటి ఉంటే ఈ పనిలోనే మార్చేయండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. తర్వాత 10,000 కిలోమీటర్లకి టైర్లని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించేటప్పుడు చక్రాలు ఎలాగూ విప్పుతారు, అప్పుడు లోపలి ప్యాడ్ మందం, పిన్నులు చేత్తో జారుతున్నాయో లేదో చూడమనండి.