స్టేజ్ ఫోర్ అన్నాక మనలాంటి వాళ్లని ఆన్‌లైన్‌లో ఎలా వెతుక్కోవాలి

నేను మొదట చేరిన రొమ్ము క్యాన్సర్ గ్రూప్ మంచిదే, కానీ అది నాలాంటి వాళ్ల కోసం పెట్టింది కాదు. 2019లో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి, ఇంక అయిపోయిందిలే అనుకున్న మూడేళ్లకి నడుం నొప్పి తగ్గట్లేదని వెళ్తే పెట్ స్కాన్‌లో ఎముకలకి పాకిందని, అంటే స్టేజ్ ఫోర్ అని తేలింది. ఆ రోజు రాత్రి నాకు తెలిసిన ఒకే ఒక్క వాట్సాప్ గ్రూప్‌లో "నాకు బోన్స్‌కి వచ్చిందండి" అని పెట్టా. రెండు దండం బొమ్మలు, ఒక "ధైర్యంగా ఉండండి అక్కా", అంతే, గ్రూప్ మొత్తం సైలెంట్ అయిపోయింది. పొద్దున్నే ఒకమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది, అక్కా ఏమీ అనుకోకండి, ఇలాంటివి చదివితే నాకు రాత్రంతా నిద్ర పట్టట్లేదు అని. ఆ పిల్ల తప్పేం లేదు, తనకి ఇంకా రెండు కీమోలే ఉన్నాయి, అవి అయిపోతే బయటపడతానన్న ఆశ మీద బతుకుతోంది, నన్ను చూస్తే ఆ ఆశకి దెబ్బ తగులుతోంది. కానీ నేను మాత్రం ఎక్కడికి పోవాలి?

అందుకే ఈ పోస్ట్. మీకో, మీ అమ్మకో, అక్కకో క్యాన్సర్ రొమ్ము దాటి ఎముకలకి, లివర్‌కి, ఊపిరితిత్తులకి, మెదడుకి పాకిందని చెప్పి ఉంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది, బ్రెస్ట్ క్యాన్సర్ గ్రూప్ వేరు, స్టేజ్ ఫోర్ వాళ్ల గ్రూప్ వేరు. మొదటిదాంట్లో "లాస్ట్ కీమో ఎప్పుడు" అని అడుగుతారు, రెండోదాంట్లో "ఇప్పుడు ఏ మందు మీద ఉన్నారు, ఎన్నాళ్ల నుంచి పని చేస్తోంది" అని అడుగుతారు. మనకి లాస్ట్ కీమో అనేది లేదు, మందు పని చేసినన్నాళ్లు వాడతాం, పని చేయకపోతే ఇంకోదానికి మారతాం. ఇది మళ్లీ మళ్లీ వివరించక్కర్లేని చోటు దొరికితే సగం బరువు దిగినట్టే.

వెతికేటప్పుడు తెలుగులో "రొమ్ము క్యాన్సర్" అని కొడితే వచ్చేవి ఎక్కువ వార్తలు, లేకపోతే "ఈ ఆకు రసం తాగితే గడ్డ కరిగిపోతుంది" లాంటి వీడియోలు. కాబట్టి మెటాస్టాటిక్ బ్రెస్ట్ క్యాన్సర్ అని ఇంగ్లీష్ స్పెల్లింగ్‌తో కొట్టండి, దాని పక్కన ఇండియా అనో సపోర్ట్ అనో కలపండి. దీన్నే పొట్టిగా ఎంబీసీ అంటారు, సెకండరీ బ్రెస్ట్ క్యాన్సర్ అని బ్రిటన్ వాళ్లు అంటారు, అడ్వాన్స్‌డ్ అని కూడా అంటారు, ఈ మూడు పేర్లతోనూ వెతకండి, ఒక్కోదానికి ఒక్కోరకం గ్రూప్‌లు బయటపడతాయి.

ఇంగ్లీష్ చదవగలిగితే బ్రెస్ట్‌క్యాన్సర్ డాట్ ఆర్గ్ అనే అమెరికా సంస్థ సైట్‌లో స్టేజ్ ఫోర్ వాళ్లకి విడిగా చోటు ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, మారుపేరుతో చేరొచ్చు, ముందు ఊరికే చదువుకోవచ్చు. బ్రిటన్‌లో మాక్‌మిలన్ అనే క్యాన్సర్ సంస్థ వాళ్లకి ఆన్‌లైన్ కమ్యూనిటీ ఉంది. రెడిట్ అనే చర్చల సైట్‌లో లివింగ్‌విత్ఎంబీసీ అని ఒకటి ఉంది, అక్కడ అసలు పేరూ ఊరూ ఎవరూ అడగరు. నాకు వీటివల్ల కలిగిన పెద్ద లాభం టైం. మనకి తెల్లవారుజామున మూడింటికి నిద్ర పట్టక కూర్చుంటే అక్కడ న్యూయార్క్‌లో సాయంత్రం, ఎవరో ఒకరు మెలకువగా ఉంటారు. స్కాన్ అయ్యాక రిపోర్ట్ వచ్చేదాకా గుండె పీచుపీచుమనే ఆ రెండు మూడు రోజులకి వాళ్ల దగ్గర స్కాంగ్జైటీ అని ఒక పేరే ఉంది. నాకొక్కదానికే ఇలా అవుతోందేమో, నేనే పిరికిదాన్నేమో అనుకున్నదానికి పేరుంది అని తెలియడమే నాకు ఎంతో ఊరట.

కానీ ఒక్క ఇంగ్లీష్ గ్రూప్‌లే చాలవు. వాళ్ల ఇన్సూరెన్స్ గొడవ మనకి పట్టదు, వాళ్లకి దొరికే కొన్ని మందులు మన దగ్గర చేతికి అందే రేటులో ఉండవు. మన ఆరోగ్యశ్రీలో ఏ ఫైల్ ఎక్కడ ఆగుతుందో, అప్రూవల్‌కి ఏ కాగితాలు కావాలో వాళ్లకేం తెలుసు. నేను వాడే పాల్బోసిక్లిబ్‌కి ఇండియాలో 2023 జనవరిలో పేటెంట్ అయిపోయి జనరిక్‌లు దిగాయి, రేటు బాగా పడింది, ఆ సంగతి నాకు చెప్పింది మన దేశం వాళ్లున్న గ్రూప్‌లో ఒకామె. నేను ఆ నెల కూడా పాత బ్రాండే కొనబోయేదాన్ని, డాక్టర్ గారిని అడిగి మార్చుకున్నా. అందుకే ఒకటి బయటిది, ఒకటి మనది, రెండూ ఉంచుకోండి.

మనది అంటే ఎక్కడ అంటారా, చాలాసార్లు అది సెర్చ్‌లో కనపడదు, హాస్పిటల్లో దొరుకుతుంది. డే కేర్‌లో సెలైన్ ఎక్కుతున్నప్పుడు పక్క కుర్చీలో కూర్చున్నామె, ఆమె పక్కనామె, ఇలా నంబర్లు తీసుకుని ఐదుగురం పెట్టుకున్న గ్రూప్ మాది, ఇప్పుడు 30 మంది దాకా ఉన్నాం. ఎంఎన్‌జే, బసవతారకం లాంటి పెద్ద క్యాన్సర్ హాస్పిటళ్లకి వెళ్లేవాళ్లయితే అక్కడ సోషల్ వర్కర్‌నో, కౌన్సెలర్‌నో, డే కేర్ సిస్టర్‌నో "స్టేజ్ ఫోర్ పేషెంట్లు మాట్లాడుకునే గ్రూప్ ఏమన్నా ఉందా అండి" అని సూటిగా అడగండి. డాక్టర్ గారికి టైం ఉండదు గానీ సిస్టర్లకి అన్నీ తెలుసు. పాలియేటివ్ కేర్ వాళ్లని కూడా అడగండి, ఆ మాట వినగానే ఆఖరి రోజులనుకుని మనవాళ్లు భయపడతారు, అదేం కాదు, నొప్పి, వాంతులు, నిద్ర, మనసు ఇవి చూసే డాక్టర్లు వాళ్లు, ట్రీట్‌మెంట్ నడుస్తుండగానే వెళ్లొచ్చు.

చేరగానే ఏమీ పెట్టకండి, ఒక వారం ఊరికే చదవండి. ఎవరన్నా ప్రశ్న అడిగితే మిగతావాళ్లు "మీది ఈఆర్ పాజిటివా, హర్‌టూ పాజిటివా, ట్రిపుల్ నెగెటివా" అని, అంటే ఏ రకం రొమ్ము క్యాన్సరో ముందు కనుక్కుని అప్పుడు జవాబు చెప్తున్నారా, అయితే అది మంచి గ్రూప్, ఎందుకంటే ఒకరి మందు ఇంకొకరికి పనికిరాకపోవచ్చని వాళ్లకి తెలుసు. అందరికీ ఒకటే పొడి, ఒకటే కషాయం చెప్తున్నారంటే బయటికి వచ్చేయండి. మందు మానేయమన్నవాళ్లుంటే అడ్మిన్ ఆపుతున్నాడో లేదో చూడండి. బాధగా ఉంది అని ఎవరైనా రాస్తే "పాజిటివ్‌గా ఆలోచించండి" అని నోరు మూయించేస్తున్నారా, కూర్చోబెట్టి వింటున్నారా అది కూడా చూడండి, నా మటుకు నాకు అదే పెద్ద పరీక్ష.

తర్వాత మీ గురించి నాలుగు ముక్కలు పెట్టండి, నేను పెట్టింది ఇలా ఉంది: "వయసు 46, 2022 నుంచి ఎంబీసీ, ఈఆర్ పాజిటివ్, హర్‌టూ నెగెటివ్, ఎముకల్లో మాత్రమే, పాల్బో, లెట్రోజోల్ మీద ఉన్నా. నాలాగే ఎముకల్లో ఉండి ఇంటిపని చేసుకుంటున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా, బిందె ఎత్తొచ్చా అని నా భయం." ఆ ఆఖరి మాటకే ఎక్కువ జవాబులొచ్చాయి. నాకెలా ఉంటుంది అని పెద్ద ప్రశ్న వేస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు, బిందె గురించి అడిగితే చెప్తారు, నీళ్లు చిన్న చెంబులతో పట్టుకుంటున్నా అని ఒకామె, ముందు ఎముక డాక్టర్‌కి స్కాన్ చూపించు ఏ వెన్నుపూస బలహీనంగా ఉందో చెప్తాడు అని ఇంకొకామె. కేపెసిటాబిన్ అనే కీమో మాత్రలు వేసుకునేవాళ్లు అరికాళ్ల మంట గురించి, ఏ చెప్పులు మెత్తగా ఉన్నాయో, యూరియా ఉన్న క్రీమ్ ఎప్పుడు రాసుకోవాలో అడగండి, అలాంటివాటికి ఈ గ్రూప్‌లని మించినవి లేవు.

ఇంగ్లీష్ రాని అమ్మలు ట్రాన్స్‌లేట్ పెట్టుకుని చదువుతారు, చదవచ్చు, కానీ మందులు, తిండి విషయం మాత్రం పిల్లల చేత ఒకసారి సరిచూపించుకోండి. మా గ్రూప్‌లో ఒక పెద్దావిడ రెండు నెలలు ద్రాక్షపళ్లు ముట్టుకోలేదు, ఎందుకమ్మా అంటే పాల్బో మీద ఉన్నవాళ్లు తినకూడదని అమెరికావాళ్లు రాశారంది. వాళ్లు రాసింది గ్రేప్‌ఫ్రూట్, అది నారింజ జాతి పండు, ఒంట్లో ఆ మందు మోతాదు పెంచేస్తుంది కాబట్టి వద్దంటారు. ఫోన్ దాన్ని ద్రాక్షపండు అని తిప్పింది. మన పంపరపనస దానికి దగ్గర చుట్టం, జాగ్రత్తపడాల్సిన దాన్ని మాత్రం ఆవిడ హాయిగా తింటూనే ఉంది! అప్పటి నుంచి మేం గ్రూప్‌లో వాయిస్ మెసేజ్‌లే పెడుతున్నాం, తెలుగులో, నిదానంగా.

ఇల్లూ, చుట్టాలూ సంగతి కూడా చెప్పాలి. పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇళ్లలో ఈ జబ్బు పేరు బయటికి రానివ్వరు, ఆ భయం సరైందని అనను, కానీ ఉంది, నాకూ ఉంది. వాట్సాప్ గ్రూప్‌లో చేరితే మీ నంబర్ అందరికీ కనపడుతుంది, సెట్టింగ్స్‌లో ప్రైవసీకి వెళ్లి ప్రొఫైల్ ఫోటో, గ్రూప్స్ రెండూ మై కాంటాక్ట్స్ అని మార్చుకోండి, అప్పుడు ఎవరు పడితే వాళ్లు మిమ్మల్ని ఇంకో గ్రూప్‌లోకి లాగలేరు. ఫేస్‌బుక్‌లో గ్రూప్ పేరు కింద ప్రైవేట్ అని ఉందా పబ్లిక్ అని ఉందా చూడకుండా ఒక్క అక్షరం రాయకండి, పబ్లిక్ అయితే మీ మరిది కూడా చదవొచ్చు. కొన్నిట్లో పేరు లేకుండా పోస్ట్ పెట్టే వీలుంది, అప్పుడు గ్రూప్‌లో మీ పేరు అడ్మిన్లకి, మోడరేటర్లకి మాత్రమే తెలుస్తుంది. రిపోర్ట్ ఫోటో పెట్టేముందు పేరు, ఫోన్ నంబర్, హాస్పిటల్ నంబర్, కార్డు నంబర్ అన్నీ కట్ చేయండి. విడిగా మెసేజ్ పెట్టి మందు సగం రేటుకి ఇస్తానన్నా, మా గురువుగారు నయం చేస్తారన్నా, అర్జెంటుగా డబ్బులు పంపమన్నా జవాబు ఇవ్వకుండా అడ్మిన్‌కి చెప్పండి, ఇలాంటివాళ్లు వెతుక్కుంటూ వచ్చేది మనలాంటి వాళ్లనే.

కొన్నిటికి గ్రూప్ వైపే చూడకూడదు. కీమో మీద గానీ పాల్బో లాంటివాటి మీద గానీ ఉండగా జ్వరం 100.4 దాటిందా, నడుం నొప్పి ఒక్కసారిగా పెరిగి కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నాయా, ఒంటికి రెంటికి తెలియకుండా పోతోందా, ఫోన్ పక్కన పడేసి అర్ధరాత్రి అయినా సరే హాస్పిటల్‌కి వెళ్లండి. బతకాలని లేదు అనిపించిన రాత్రి 14416కి చేయండి, టెలి మానస్ అని గవర్నమెంట్‌ది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు.

ఇంకోటి, చెప్పడానికి మనసు రాదు గానీ చెప్పకపోతే మోసం చేసినట్టే. స్టేజ్ ఫోర్ గ్రూప్‌లో మనుషులు పోతారు. నిన్నటిదాకా ఉప్మా ఫోటో పెట్టినామె ఉండదు. ఏళ్ల తరబడి బాగున్నవాళ్లూ ఉంటారు, రెండూ కలిసే ఉంటాయి. మీకు స్కాన్ దగ్గర పడితే గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టేయండి, చెప్పి వెళ్లండి, ఎవరూ తప్పు పట్టరు, నేను స్కాన్‌కి వారం ముందు ఎప్పుడూ అలాగే చేస్తా. పోయినామె గురించి ఏడవాలనిపిస్తే అక్కడే ఏడవండి, ఇంట్లోవాళ్లకి ఆమె ఎవరో తెలియదు కాబట్టి "నువ్వు కూడా అలా ఆలోచించకు" అంటారు, గ్రూప్‌లో అలా అనరు.

మా దాంట్లో ఒకామె పోయిన ఏడాది ఉన్నట్టుండి మెసేజ్‌లు ఆపేసింది. రోజూ పొద్దున్నే ముగ్గు ఫోటో పెట్టేది. నాలుగు నెలలు ఆమె నంబర్‌కి గుడ్ మార్నింగ్ పెడుతూనే ఉన్నాం, ఒక్క టిక్కే పడేది, ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్, ఆమె ఇల్లు ఎక్కడో మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నేను ఒక తెల్ల కాగితం మీద గ్రూప్‌ల పేర్లు, ఒక్కో గ్రూప్‌లో ఎవరికి చెప్పాలో వాళ్ల నంబర్, నా ఫోన్ పిన్ రాసి స్కాన్ల ఫైల్‌లో మొదటి కవర్లో పెట్టా. మా పాపకి చూపించా, చదివి ఏమీ అనలేదు, కాసేపయ్యాక వచ్చి నంబర్ల పక్కన ఎవరు ఏ ఊరో కూడా రాయమ్మా అంది. రాశా.