ఇంగ్లిష్ మాట పుట్టుక వెతకడం ఎలా? ‘బ్యాంక్’తో చేసి చూద్దాం

నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ కలిస్తే ‘న్యూస్’ అయిందని పిల్లలకు నేర్పే పెద్దలు ఇంకా ఉన్నారు. అది తప్పు. ‘న్యూ’ అంటే కొత్త, కొత్త సంగతులు కాబట్టి న్యూస్. నిఘంటువు తెరిస్తే నిమిషంలో తేలే విషయం ఇన్నేళ్లుగా తప్పుగా తిరుగుతోందంటే, తెరిచి చూసే అలవాటు మనకు లేదన్నమాట.

కావలసినవి: మాటల పుట్టుక చెప్పే నిఘంటువు, తెల్ల కాగితం, పెన్సిలు. 1884లో మొదటి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు గ్రంథాలయంలో దొరికితే మంచిది. లేకపోతే ఇంగ్లిష్ మాటల పుట్టుకపై స్కీట్ అనే పండితుడు రాసిన నిఘంటువు చాలు, అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువుతో మాత్రం మొదలుపెట్టకూడదు. బ్రౌన్ దొర నిఘంటువంటే నాకు ఎంతో గౌరవం. కానీ మనకిక్కడ మాట అర్థంతో పాటు దాని వయసూ కావాలి.

మాట వాడుకలన్నీ రాసుకోండి. ‘బ్యాంక్’ అంటే నది ఒడ్డు, డబ్బు దాచే చోటు, రక్తనిధి, మేఘాల బారు, స్విచ్చుల వరుస, మలుపులో విమానం ఒక పక్కకు ఒరగడం. కాలాలు తేలాక పాత అర్థం పైన, కొత్తది కింద వచ్చేలా సర్దాలి. వేరే క్రమం పనికిరాదు.

తర్వాత నిఘంటువులో ఆ మాట పక్కనున్న చిన్న అంకెలు చూడండి. 1, 2, 3 అని ఉంటే ఒకే స్పెల్లింగులో వేర్వేరు పదాలున్నాయని అర్థం. అగ్గిపుల్ల ‘మ్యాచ్’ వత్తి అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. క్రికెట్ మ్యాచ్ మాత్రం జతగాడు అనే పాత ఇంగ్లిష్ మాట సంతానం. ఈ రెంటికీ చుట్టరికం లేదు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. చాలామంది పని చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. అర్థాలు దూరంగా ఉన్నాయని విడగొట్టేస్తారు, శబ్దాలు దగ్గరగా ఉన్నాయని కలిపేస్తారు. రెండూ చేయకూడదు. ప్రతి అర్థానికీ రెండే ప్రశ్నలు: ఏ కాలంలో కనిపించింది? ఏ భాష చేతుల మీదుగా వచ్చింది?

ఒడ్డు అనే ‘బ్యాంక్’ 1200 ప్రాంతంలో స్కాండినేవియా భాషల వైపు నుంచి వచ్చింది. మిట్ట, వాలు దాని అర్థం. మేఘాల బారు, విమానం ఒరగడం ఈ కొమ్మవే. డబ్బు ‘బ్యాంక్’ 15వ శతాబ్దం చివర్లో ఇటలీ నుంచి ఫ్రెంచి మీదుగా చేరింది. ఇటలీలో నాణేలు మార్చే వ్యాపారి కూర్చునే బల్ల పేరు ‘బాంకా’. స్విచ్చుల వరుసది మరో దారి, ఫ్రెంచి బల్లమాట నుంచి నేరుగా వచ్చింది. నిఘంటువు వీటిని వేరు చేసి చూపినా, ఇంకా వెనక్కి వెళ్తే అన్నీ ఒకే ప్రాచీన జర్మానిక్ (ఇంగ్లిష్, జర్మన్ లాంటి భాషల తల్లి భాష) మాటలో కలుస్తాయి. ఇటలీవాళ్లు బల్లమాటను జర్మానిక్ తెగల నుంచే తీసుకున్నారు. మన బడి ‘బెంచీ’ కూడా ఆ ఇంటిదే. కాబట్టి అంకెలు చూసి ఆగిపోవద్దు, వివరణ చివరిదాకా చదవండి.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. వాగులూ వంకలూ ఎరిగిన వారికి ‘వంక’, ‘బ్యాంక్’ ఒకటేనేమో అనిపిస్తుంది. రెండు చోట్లా నీళ్లున్నాయి, శబ్దమూ కలుస్తోంది. అయినా కలపకూడదు. చుట్టరికం తేల్చేది ధ్వనుల క్రమం. ‘వంక’ను సంస్కృతం మాటే అనుకున్నా, సంస్కృత ‘వ’కు ఇంగ్లిష్‌లో ఎదురయ్యేది ‘డబ్ల్యూ’, విధవకు విడో అన్నట్టు. ‘బి’ ఎదురయ్యేది ‘భ’కు, భ్రాతకు బ్రదర్ అన్నట్టు. ఈ లెక్క ఒక్క మాటలో కాదు, అనేక మాటల్లో నిలవాలి. ‘వంక–బ్యాంక్’ ఇందులో నిలవదు. నాలుగు ఇంగ్లిష్ మాటలు తీసుకుని అన్నీ సంస్కృతం నుంచే పుట్టాయనే వారిని ఈ లెక్క అడగండి. మన భాష గొప్పతనానికి అలాంటి ఆసరా అక్కర్లేదు.

కథల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. ‘బ్యాంక్రప్ట్’ మూలం ఇటాలియన్‌లో విరిగిన బల్ల అనేది నిజం. దివాలా తీసినవాడి బల్లను జనం విరగ్గొట్టేవారనేది వేరే మాట, దానికి వేరే రుజువు కావాలి. రెంటినీ ఒకే వాక్యంలో రాయవద్దు.

ఇక మిగిలింది కొత్త కొమ్మలు, అది తేలిక. డబ్బు దాచే అర్థం నుంచి రక్తం దాచేది వచ్చింది. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ రక్తనిధికి ఈ పేరు పెట్టారు. ‘ఓటు బ్యాంకు’ మన దేశపు కొమ్మ. మైసూరు ప్రాంతపు గ్రామాన్ని పరిశీలించిన ఎం.ఎన్.శ్రీనివాస్ 1955 నాటి వ్యాసంలో అది కనిపిస్తుంది. ఇవి కాగితం అడుగున రాసి, ఒక్కొక్కదాని నుంచి దాని తల్లి అర్థానికి గీత గీయండి. ఏ తల్లికీ గీత కలవని అర్థం మిగిలితే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఊహతో పూరించకండి.