రూటర్ టేబుల్ చౌకదైనా గాడి ఒకే లోతులో రావాలంటే

రూటర్ టేబుల్ (చెక్కలో గాడి కోసే రూటర్ యంత్రాన్ని అడుగున బిగించిన బల్ల) మీద గాడి లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తోందా? ప్లగ్గు తీసి, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి బిట్ (గిర్రున తిరిగి చెక్కను కోసే ముక్క) బయటికి వచ్చే రంధ్రం పక్కగా టేబుల్ మీద పెట్టండి. మధ్యలో సన్నగా వెలుతురు కనిపిస్తే, రూటర్ బరువుకు పలక కుంగినట్టే. అడుగున రూటర్‌కు అటూ ఇటూ రెండు టేకు రీపర్లు (సన్నని చెక్క పట్టీలు) అంచు మీద నిలబెట్టి పలకకు స్క్రూలతో బిగించండి. పని అయ్యాక రూటర్ విప్పేయడం ఇంకా మంచిది.

బిట్‌ను కాలెట్ (రూటర్‌లో బిట్‌ను పట్టి ఉంచే బిగింపు గొట్టం) అడుగుదాకా దించి, 2-3 మి.మీ. పైకి లాగి బిగించండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. అడుగు తగిలితే పట్టు సరిగ్గా కుదరక, కోత మధ్యలో బిట్ జరుగుతుంది.

9 మి.మీ. గాడిని 3 మి.మీ. చొప్పున మూడుసార్లు కోయండి. ఫెన్స్‌కు (టేబుల్ మీది అడ్డపట్టీకి) ఆనించిన చెక్కను కుడి నుంచి ఎడమకే నెట్టాలి. ఎదురు దిశలో నెడితే బిట్ చెక్కను చేతిలోంచి లాగేస్తుంది.