డిఫాల్ట్ గేట్‌వే: అర్థం చేసుకొని అమర్చుకునే విధానం

నెట్‌వర్క్ సెట్టింగులు తెరిస్తే ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే అనే మూడు గడులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. చాలామంది వీటిని పరస్పర సంబంధం లేని మూడు అంకెల వరుసలుగా భావించి, ఎవరో చెప్పిన విలువలను నింపి, ఇంటర్నెట్ వస్తే చాలనుకుంటారు. అయితే ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే గేట్‌వే అంటే ఏమిటో బోధపడుతుంది. పంపవలసిన ప్యాకెట్‌ను, అంటే సమాచారపు చిన్న ముక్కను, గమ్యానికి నేరుగా అందించవచ్చా, లేక బయటి దారి తెలిసిన మరో పరికరానికి అప్పగించాలా అని కంప్యూటర్ ప్రతిసారీ తేల్చుకోవాలి. అప్పగించవలసి వచ్చినప్పుడు, వేరే ప్రత్యేకమైన దారి ఏదీ నమోదై లేకపోతే, ఆ ప్యాకెట్‌ను అందుకునే పరికరమే డిఫాల్ట్ గేట్‌వే. సాధారణంగా అది రౌటర్ అయి ఉంటుంది.

ఈ నిర్ణయం రౌటర్ తీసుకుంటుందని పొరపడేవారు ఎక్కువ. దాన్ని తీసుకునేది పంపే కంప్యూటరే, అందుకు అది ఆధారపడేది సబ్‌నెట్ మాస్క్ మీద. చిరునామాలో ఏ భాగం నెట్‌వర్క్‌ను, ఏ భాగం పరికరాన్ని సూచిస్తుందో చెప్పేదే ఆ మాస్క్, ఒకే నెట్‌వర్క్ భాగం ఉన్న చిరునామాల గుంపే సబ్‌నెట్. ఒక కంప్యూటర్ చిరునామా 192.168.1.70, మాస్క్ 255.255.255.192 అనుకుందాం. ఈ మాస్క్ ప్రకారం చివరి భాగంలోని 256 చిరునామాలు 64 చొప్పున నాలుగు ముక్కలవుతాయి. 0 నుంచి 63 వరకు మొదటిది, 64 నుంచి 127 వరకు రెండవది. మన కంప్యూటర్ ఈ రెండవ ముక్కలో ఉంది. ఇందులో 64 నెట్‌వర్క్‌కు, 127 బ్రాడ్‌కాస్ట్‌కు, అంటే అందరికీ ఒకేసారి పంపడానికి, పోగా, పరికరాలకు ఇవ్వదగినవి 65 నుంచి 126 వరకు మాత్రమే. ఇప్పుడు అలవాటు కొద్దీ గేట్‌వే గడిలో 192.168.1.1 అని రాస్తే ఏమవుతుంది? మొదటి మూడు భాగాలు ఒకటే కాబట్టి అది పక్కనే ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది కానీ, కంప్యూటర్ లెక్కలో అది వేరే నెట్‌వర్క్. బయటికి వెళ్లే ద్వారమే బయట ఉందని చెప్పినట్టు అవుతుంది. ఇలాంటి విలువ ఇస్తే విండోస్ హెచ్చరిక చూపుతుంది, లినక్స్ సాధారణంగా ఆ దారిని చేర్చుకోనే చేర్చుకోదు. గేట్‌వే చిరునామా 1తోనో 254తోనో ముగియాలన్న నియమం ఎక్కడా లేదు, అది వాడుకగా వచ్చిన అలవాటు మాత్రమే. గేట్‌వే మన సబ్‌నెట్‌లోనే ఉండాలన్నది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవలసిన నియమం.

ప్యాకెట్‌ను గేట్‌వేకు అప్పగించడం ఎలా జరుగుతుందో తెలిస్తే తరువాత లోపాలు వెతకడం తేలికవుతుంది. ప్యాకెట్ మీద గమ్యస్థానంగా దూరాన ఉన్న సర్వర్ ఐపీ చిరునామానే ఉంటుంది, గేట్‌వే ఐపీ చిరునామా దాని మీద ఎక్కడా కనిపించదు. మారేది ఆ ప్యాకెట్‌ను కవరులా మోసుకెళ్లే ఈథర్‌నెట్ ఫ్రేమ్ మీది మ్యాక్ చిరునామా, అంటే నెట్‌వర్క్ కార్డుకు ఉండే హార్డ్‌వేర్ చిరునామా. కంప్యూటర్ ముందుగా తన నెట్‌వర్క్‌లో “ఈ గేట్‌వే ఐపీ ఎవరిది? మీ మ్యాక్ చిరునామా చెప్పండి” అని అడుగుతుంది. 1982లో ఆర్ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా ప్రచురితమైన ఏఆర్‌పీ ప్రోటోకాల్ చేసే పని ఇదే. జవాబుగా వచ్చిన మ్యాక్ చిరునామాతో ఫ్రేమ్ బయలుదేరుతుంది, దానిని అందుకున్న రౌటర్ లోపలి ఐపీ గమ్యాన్ని చూసి తన దారిపట్టిక ప్రకారం ముందుకు పంపుతుంది.

కంప్యూటర్‌కూ అలాంటి దారిపట్టిక ఒకటి ఉంటుంది, దానినే రూటింగ్ టేబుల్ అంటారు. అందులో డిఫాల్ట్ గేట్‌వే 0.0.0.0/0 అనే వరుసగా కనిపిస్తుంది. ఏ చిరునామాకైనా సరిపోయే వరుస అది. అయితే పట్టికలో గమ్యానికి అన్నిటికన్నా దగ్గరగా, అంటే ఎక్కువ బిట్లు కలిసేలా సరిపోయే వరుసకే ప్రాధాన్యం ఉంటుంది కనుక, మిగిలినవేవీ సరిపోనప్పుడే డిఫాల్ట్ వంతు వస్తుంది.

ఇక అమరిక విషయానికి వద్దాం. చేత్తో అమర్చడానికి ముందు, నిజంగా ఆ అవసరం ఉందా అని ఆలోచించడం మంచిది. చాలా నెట్‌వర్క్‌లలో, పరికరాలకు చిరునామాలను తనంతట తానే పంచే డీహెచ్‌సీపీ సర్వర్ చిరునామాతోపాటు మాస్క్‌నూ గేట్‌వేనూ తానే ఇస్తుంది, గేట్‌వే వివరం అందులో 3వ ఆప్షన్‌గా వస్తుంది. ల్యాప్‌టాప్‌కూ ఫోన్‌కూ అదే మేలైన పద్ధతి. సర్వర్, ప్రింటర్, కెమెరా రికార్డర్ వంటి వాటికి స్థిరమైన చిరునామా కావలసినప్పుడు కూడా, వీలైతే డీహెచ్‌సీపీ సర్వర్‌లోనే ఆ పరికరం మ్యాక్ చిరునామాకు ఒక ఐపీని కేటాయించడాన్నే నేను సిఫారసు చేస్తాను. అప్పుడు రేపు గేట్‌వే మారినా ప్రతి పరికరం దగ్గరికీ వెళ్లి దిద్దవలసిన పని ఉండదు.

చేత్తోనే అమర్చాలంటే ముందుగా ప్రస్తుత విలువలను చూసి కాగితం మీద రాసిపెట్టుకోవాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ ఆదేశం ఇస్తే గేట్‌వే కనిపిస్తుంది, రూట్ ప్రింట్ ఆదేశం పూర్తి పట్టికను చూపుతుంది. లినక్స్‌లో ఐపీ రూట్ అనే ఆదేశంతో వచ్చే జాబితాలో డిఫాల్ట్ వయా అనే మాటల తరువాత ఉండేదే గేట్‌వే. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో అయితే నెట్‌వర్క్ సెట్టింగులలో టీసీపీ ఐపీ విభాగంలో రౌటర్ అన్న పేరుతో అది కనిపిస్తుంది.

విండోస్ 11లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ విభాగంలోకి వెళ్లి, వాడుతున్న కనెక్షన్‌ను ఎంచుకొని, ఐపీ అసైన్‌మెంట్ పక్కనున్న ఎడిట్ నొక్కి, మాన్యువల్‌కు మార్చి, ఐపీవీ4ను ఆన్ చేస్తే గడులు తెరుచుకుంటాయి. అక్కడ ఇచ్చే చిరునామా డీహెచ్‌సీపీ పంచే పరిధిలో లేనిదై ఉండాలి, లేకపోతే అదే చిరునామా మరో పరికరానికి వెళ్లి రెండూ తగవులాడుకుంటాయి. డీఎన్ఎస్ గడిని ఖాళీగా వదిలేయకూడదు. గేట్‌వే సరిగ్గా ఉన్నా పేర్లను చిరునామాలుగా మార్చేవారు లేకపోతే వెబ్‌సైట్లు తెరుచుకోవు.

లినక్స్‌లో ఐపీ రూట్ యాడ్ ఆదేశంతో చేర్చిన గేట్‌వే యంత్రాన్ని తిరిగి ప్రారంభించగానే పోతుంది. ప్రయోగానికి అది చాలు కానీ, శాశ్వతంగా ఉండాలంటే ఆ యంత్రంలో నెట్‌వర్క్‌ను నడిపే సాధనంలోనే, అంటే నెట్‌వర్క్‌మేనేజర్‌లోనో నెట్‌ప్లాన్‌లోనో రాయాలి. దూరం నుంచి లాగిన్ అయి గేట్‌వేను మార్చేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒక్క అంకె తప్పితే తాము వచ్చిన దారే మూసుకుపోతుంది. నెట్‌ప్లాన్ వాడేవారు నేరుగా అప్లై చేయకుండా నెట్‌ప్లాన్ ట్రై ఆదేశం ఇస్తే, 120 సెకన్లలో మీరు నిర్ధారించకపోతే అది పాత అమరికకు వెనుదిరుగుతుంది.

ఒకే యంత్రంలో రెండు నెట్‌వర్క్ కార్డులు ఉన్నప్పుడు రెండింటికీ డిఫాల్ట్ గేట్‌వే ఇవ్వాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. మామూలు అమరికలో అలా చేయకపోవడమే మంచిది. రెండు డిఫాల్ట్ దారులు ఉంటే తక్కువ మెట్రిక్ విలువ, అంటే దారికి ఇచ్చిన ప్రాధాన్య సంఖ్య, ఉన్నదానినే యంత్రం వాడుకుంటుంది, ఫలితంగా ఒక కార్డు మీద వచ్చిన అభ్యర్థనకు జవాబు రెండో కార్డు మీదుగా వెళ్లిపోయి మధ్యలో ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోవచ్చు. ఇంటర్నెట్ వైపున్న కార్డుకు మాత్రమే గేట్‌వే ఇచ్చి, రెండో వైపున్న నెట్‌వర్క్‌లకు విడిగా స్థిర దారులు రాయాలి.

ఇంతవరకు చెప్పిన ఐపీవీ4కు తరువాతి తరమైన ఐపీవీ6లో గేట్‌వేను చేత్తో రాయవలసిన అవసరం చాలా అరుదు. రౌటరే తన ఉనికిని నెట్‌వర్క్‌లో ప్రకటిస్తూ ఉంటుంది, కంప్యూటర్లు ఆ ప్రకటన విని రౌటర్ లింక్ లోకల్ చిరునామాను, అంటే ఆ స్థానిక నెట్‌వర్క్‌లో మాత్రమే చెల్లే చిరునామాను, గేట్‌వేగా తీసుకుంటాయి.

అమర్చిన తరువాత పరీక్షను దగ్గర నుంచి దూరానికి చేయాలి. మొదట గేట్‌వేకు పింగ్ చేయాలి, అంటే జవాబు కోరే చిన్న సందేశం పంపి చూడాలి, తరువాత 8.8.8.8 వంటి బయటి చిరునామాకు, చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరుకు. పేరు దగ్గర మాత్రమే ఆగితే లోపం డీఎన్ఎస్‌లో ఉంది. గేట్‌వే పలికి బయటి చిరునామా పలకకపోతే, మీరు రాసినది నిజంగా బయటికి దారి ఉన్న రౌటరేనా అని సరిచూసుకోవాలి. గేట్‌వేయే పలకకపోతే ఆ ఒక్క ఫలితంతో తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే కొన్ని రౌటర్లు పింగ్‌కు బదులివ్వకుండా అమర్చి ఉంటాయి. అప్పుడు ఏఆర్‌పీ పట్టికలో గేట్‌వే ఐపీ పక్కన మ్యాక్ చిరునామా ఉందో లేదో చూడాలి. ఉంటే రౌటర్ వరకు దారి ఉన్నట్టే, లేకపోతే కేబుల్, వైఫై, రాసిన అంకెలు ఈ వరుసలో వెతకాలి. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలవుతుంటే, డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాక అది తనకు తానే ఒక చిరునామా పెట్టుకుందని అర్థం. అలాంటప్పుడు గేట్‌వే గడి ఖాళీగా ఉండడం కేవలం లక్షణం, అసలు కారణం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేసే లోపం మరొకటుంది. ఒక సర్వర్ పక్క కంప్యూటర్లన్నిటికీ చక్కగా పలుకుతుంది, వేరే సబ్‌నెట్‌లో ఉన్నవారికి మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. అందరి అనుమానమూ ఫైర్‌వాల్ మీదికీ రౌటర్ మీదికీ పోతుంది. చాలాసార్లు తప్పు ఆ సర్వర్ గేట్‌వే గడిలోనే ఉంటుంది: అభ్యర్థన సర్వర్ వరకు సవ్యంగానే చేరుతుంది కానీ, తిరిగి పంపవలసిన జవాబుకు దారి ఉండదు. కాబట్టి ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు అడిగినవారి కంప్యూటర్‌తోపాటు జవాబు చెప్పవలసిన సర్వర్‌లో కూడా మాస్క్‌నూ గేట్‌వేనూ ఒకే చూపులో పక్కపక్కన పెట్టి చదవాలి.